వండర్: ముందు ‘అబ్బా’ కాదు, వెనక ‘అబ్బా’

ప్రశ్న క్లుప్తంగా ఇది. తిరుపతిలో డిగ్రీ చదువుతున్న ఒకరు చంద్రగిరి కోట మీద వ్యాసం రాస్తూ ‘ఐ వాజ్ వండర్డ్ టు సీ ది రాజ మహల్’ అన్నారు. లెక్చరరు ‘వాజ్ వండర్డ్’ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ‘వాజ్’ తీసేసి ‘ఐ వండర్డ్ టు సీ’ అని మార్చి ఇస్తే దానికీ సున్నానే. నిఘంటువులో వండర్ అంటే ఆశ్చర్యపడు అనే ఉంది కదా, మరి తప్పెక్కడ అని అడుగుతున్నారు. ఇంకోటి: వాళ్ళన్నకు ఆఫీసు మెయిల్ ఒకటి వచ్చింది, ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ సెండ్ ది ఫైల్’ అని. ఫైలు పంపమనడంలో ఆశ్చర్యపడడానికి ఏముంది?

లెక్చరరు చుట్టిన సున్నాలు రెండూ న్యాయమైనవే. నిఘంటువు కూడా అబద్ధం చెప్పలేదు, కాకపోతే సగమే చెప్పింది. మిగతా సగం మన నోట్లోనే ఉంది.

మన చిత్తూరు వైపు మాట గమనించండి. కోట చూసి ‘అబ్బా, ఎంత ఎత్తుండాది!’ అంటాం. ఇంటికొచ్చి జేబులు తడుముకుంటూ ‘తాళంచెవి యాడ పెట్టినానబ్బా’ అనీ అంటాం. రెండిట్లోనూ ఉన్నది అదే అబ్బా, కానీ చేసే పని వేరు. ముందొచ్చే అబ్బా ఎదురుగా ఉన్నదాన్ని చూసి నోరు తెరవడం. ప్రశ్న తోక పట్టుకుని వచ్చే అబ్బా తెలియనిదాని గురించి లోపల తిప్పుకోవడం. ఇవాళ్టి ఇంగ్లీషులో ముందు అబ్బాకు సర్‌ప్రైజ్డ్, అమేజ్డ్, అస్టానిష్డ్ ఉన్నాయి. వండర్ నూటికి తొంభై సార్లు వెనక అబ్బా. ఎవరబ్బా ఈ టైములో వచ్చింది అనాలంటే ‘ఐ వండర్ హూ ఇట్ ఈజ్’. ఎందుకబ్బా ఫోన్ ఎత్తడు అంటే ‘ఐ వండర్ వై హి ఈజ్‌నాట్ ఆన్సరింగ్’. పుస్తకాల్లో కనిపించే ‘ఎందుకు చెప్మా’లోని చెప్మా కూడా ఇదే పని చేస్తుంది.

మొదట్లో ఇట్లా లేదు. పాత ఇంగ్లీషులో వుండోర్ అంటే అద్భుతం, దాన్నుంచి వచ్చిన క్రియకు అబ్బురపడు అనే అర్థం. జర్మన్ భాషలో వుండర్ ఇప్పటికీ అద్భుతమే. పదమూడో శతాబ్దం చివరికి ‘ఏమై ఉంటుందో’ అనే రెండో అర్థం చేరింది, క్రమంగా అదే ఇల్లంతా ఆక్రమించింది. నిఘంటువులు పాత యజమాని పేరే గడప మీద ఉంచాయి. మొదటి వరసలో ‘ఆశ్చర్యపడు’ అని వేసి ‘ఏమో అనుకొను’ను కిందికి నెట్టే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు దగ్గరుంటే పెన్నుతో ఆ రెండు వరసలూ తారుమారు చేసుకోండి, చాలా తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు మొదటి సున్నా, ‘వాజ్ వండర్డ్’. దీనికి తెలుగు వ్యాకరణమే జవాబు చెబుతుంది. మనకు ఆశ్చర్యానికి రెండు క్రియలున్నాయి: ఆశ్చర్యపోవు, ఆశ్చర్యపరచు. పోయేది మనిషి, పరిచేది వస్తువు. సర్‌ప్రైజ్, అమేజ్, అస్టానిష్, షాక్, స్టార్టిల్ అన్నీ ‘పరచు’ జాతి. ‘ది ఫోర్ట్ సర్‌ప్రైజ్డ్ మీ’ అంటే కోట నన్ను ఆశ్చర్యపరిచింది. దాన్ని తిప్పి మనిషిని ముందు కూర్చోబెట్టాలంటే వాజ్ కావాలి: ‘ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్’. అక్షరాలా తెలుగు చేస్తే ‘ఆశ్చర్యపరచబడ్డాను’. అట్లా మనలో ఎవరూ అనరు కాబట్టే ఆ వాజ్ ఎందుకొచ్చిందో మనకు తట్టదు. వండర్, మార్వెల్ మాత్రం ‘పోవు’ జాతి. మనిషే కర్త. ఆశ్చర్యపోబడ్డాను అంటే వినడానికి ఎంత ఎబ్బెట్టుగా ఉందో ‘ఐ వాజ్ వండర్డ్’ అంటే ఇంగ్లీషు చెవికి అంతే ఎబ్బెట్టు. ‘ఐ యామ్ మార్వెల్డ్’ కూడా ఇదే కారణంతో తప్పు.

‘నాకు ఆశ్చర్యమేసింది’ అనే మన వాక్యంలో ‘నాకు’ ఉంది కదా, దాన్ని పట్టుకుని ‘ఇట్ వండర్స్ మీ’ అనేవాళ్ళూ ఉన్నారు. అదీ చెల్లదు. అయితే ఈ తప్పు మన ఒక్కరి సొత్తు కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబాల ఇంగ్లీషులో సరిగ్గా ఇదే వాక్యం వినిపించేది, ఎందుకంటే జర్మన్‌లోనూ ఆశ్చర్యమే వచ్చి మనిషికి తగులుతుంది. పరీక్షలో రాస్తే మాత్రం వాళ్ళకైనా మనకైనా సున్నానే.

సర్‌ప్రైజ్ పుట్టుక తెలిస్తే దాని నడక ఇంకా బాగా గుర్తుంటుంది. పాత ఫ్రెంచిలో సుర్ అంటే పైన, ప్రాంద్ర్ అంటే పట్టుకొను. అదాటున మీదపడి పట్టుకోవడం అన్నమాట. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో అది సైన్యాల మాట, శత్రువు మీద చెప్పాపెట్టకుండా పడడం. అందుకే ఆ క్రియకు కర్త ఎప్పుడూ మీదపడేదే, దొరికిపోయేది మనిషి. అస్టానిష్ వెనక లాటిన్ ఉరుము ఉంది, అస్టౌండ్, స్టన్ కూడా దాని తోబుట్టువులే. నెత్తిన పిడుగు పడ్డట్టయింది అని మనమనేది అదే. అమేజ్ మూలంలో దారి తోచక తికమకపడడం ఉంది, మేజ్ అనే చిక్కుదారి మాట దానికి చుట్టం.

మాట చివర ఈడీ రావాలా, ఐఎన్‌జీ రావాలా అనే తగువు కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. ఆశ్చర్యపడిన మనిషి సర్‌ప్రైజ్డ్, ఆశ్చర్యపరిచిన వార్త సర్‌ప్రైజింగ్. ‘ఐ యామ్ సర్‌ప్రైజింగ్’ అని ఆపేస్తే ‘నేను జనాన్ని ఆశ్చర్యపరిచే రకం’ అని మిమ్మల్ని మీరే పొగుడుకున్నట్టు. సర్‌ప్రైజ్డ్ పక్కన ‘వెరీ’ చక్కగా కూర్చుంటుంది. అస్టౌండెడ్‌లో ‘చాలా’ అనేది ముందే ఉంది కాబట్టి దానికి వెరీ అతకదు, అబ్సొల్యూట్‌లీ పెట్టండి. అమేజ్డ్‌కూ అదే మేలు.

సర్‌ప్రైజ్డ్ తర్వాత వచ్చే చిన్న మాటల్లో ఒకచోట జారితే అర్థమే మారిపోతుంది. ‘సర్‌ప్రైజ్డ్ బై’, ‘సర్‌ప్రైజ్డ్ ఎట్’ రెండూ వార్తకు, వస్తువుకు సరిపోతాయి. కానీ ‘ఎట్’ తర్వాత మనిషిని పెట్టారో, అది తిట్టు. ‘ఐయామ్ సర్‌ప్రైజ్డ్ ఎట్ యూ’ అంటే ‘నువ్వా ఇట్లాంటి పని చేసింది, నీ నుంచి ఇది అనుకోలేదప్పా’ అని. ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న స్నేహితురాలికి మెచ్చుకోలుగా ఈ మాట పంపితే మొహం మాడ్చుకుంటుంది. అక్కడ ‘ఐయామ్ అమేజ్డ్ బై యువర్ మార్క్స్’ అనండి. ఇక ‘విత్’ వస్తే అది కానుక: ‘హి సర్‌ప్రైజ్డ్ హిజ్ మదర్ విత్ ఎ శారీ’.

రెండో సున్నా, ‘ఐ వండర్డ్ టు సీ’. చూసి ఆశ్చర్యపోయాను అనే అర్థంలో ఈ కట్టు పాత రచనల్లో తగులుతుంది, ఇప్పుడు చెలామణీలో లేదు. ‘చూసి’కి ‘టు సీ’ రావాలంటే ముందు సర్‌ప్రైజ్డ్ గానీ అమేజ్డ్ గానీ ఉండాలి: ‘ఐ వాజ్ అమేజ్డ్ టు సీ ది రాజ మహల్’. వండర్‌నే వాడి తీరాలనుకుంటే ‘ఎట్’ తగిలించండి. మూడంతస్తుల ఆ మహల్‌ను కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపారు కదా, ‘ఐ వండర్డ్ ఎట్ ది స్కిల్ ఆఫ్ ది బిల్డర్స్’ అంటే ఏ లెక్చరరూ పెన్ను పెట్టలేరు. కొంచెం పుస్తకాల వాసన వేస్తుంది, అంతే. ఆ వాసన లేకుండా మెచ్చుకోలు కూడా కలవాలంటే ‘మార్వెల్ ఎట్’ మంచిది. తిరుమలలో శిలాతోరణం దగ్గర నిలబడి, మనిషి చెయ్యి పడకుండా రాయి అట్లా వంపు తిరిగిందే అనుకుంటాం చూడండి, అక్కడ పడాల్సిన మాట మార్వెల్. దీని స్పెల్లింగులో ఈడీ చేర్చేటప్పుడు బ్రిటిష్ వాళ్ళు రెండు ఎల్‌లు రాస్తారు, అమెరికా వాళ్ళు ఒకటి. ఏదో ఒకటి పట్టుకుని వ్యాసమంతా దాన్నే ఉంచండి.

అదే మహల్ ముందు నిలబడి ‘కట్టె లేకుండా ఇంత పెద్దది ఎట్లా నిలబెట్టినారబ్బా’ అనుకుంటే అసలు వండర్ అప్పుడు వస్తుంది: ‘ఐ వండర్డ్ హౌ దే హాడ్ బిల్ట్ ఇట్ వితౌట్ టింబర్’. మీ వ్యాసంలో ఈ రెండు వాక్యాలూ వరసగా రాయండి, ముందు అమేజ్డ్, తర్వాత వండర్డ్. నోరు తెరవడం, ఆ తర్వాత ఆలోచనలో పడడం.

వెనక అబ్బా వాక్యాన్ని కట్టడంలో మన పిల్లలు ఎక్కువగా తప్పేది మాటల వరస దగ్గర. ప్రశ్న విడిగా ఉంటే ‘వేర్ ఈజ్ ది కౌంటర్?’ అని ఈజ్ ముందుకొస్తుంది. వండర్ కిందికి చేరగానే ప్రశ్న తల దించుకుంటుంది: ‘ఐ వండర్ వేర్ ది కౌంటర్ ఈజ్’. ఈజ్ కర్త వెనక్కి పోవాలి. డూ, డజ్, డిడ్ ఉంటే మాయమవ్వాలి. ‘వై డిడ్ హి గో’ కాస్తా ‘ఐ వండర్ వై హి వెంట్’ అవుతుంది. చివర చుక్కే, ప్రశ్నార్థకం కాదు, ఎందుకంటే మీరు ఎవరినీ అడగడం లేదు, అనుకుంటున్నారు.

అవునో కాదో రకం ప్రశ్నయితే ఇఫ్ గానీ వెదర్ గానీ వస్తుంది. మన ‘ఓ’కి అది సమానం. వానొస్తుందో రాదో: ‘ఐ వండర్ ఇఫ్ ఇట్ విల్ రెయిన్’. ఇక్కడ చాలామంది చెయ్యి ఆగిపోతుంది. ఇఫ్ తర్వాత విల్ రాయకూడదని బళ్ళో నూరిపోశారు కదా! ఆ నియమం ‘వానొస్తే’ అనే ఇఫ్‌కు. ఇది ‘వస్తుందో’ అనే ఇఫ్, దీనికి విల్ నిక్షేపంగా రావచ్చు. అనుమానం వస్తే ఇఫ్ తీసి వెదర్ పెట్టి చదవండి. వాక్యం నిలబడితే విల్ ఉంచుకోవచ్చు. ‘రెయిన్ ఆర్ నాట్ రెయిన్’ అని ‘రాదో’ను కూడా మోసుకురావద్దు, ఒక్క ఇఫ్‌లోనే రెండూ ఇమిడి ఉన్నాయి.

ఇఫ్ ఉండాల్సిన చోట ‘దట్’ పెడితే మాత్రం వాక్యం తలకిందులవుతుంది. ‘ఐ వండర్ ఇఫ్ హి పాస్డ్’ అంటే పాసయ్యాడో లేదో. ‘ఐ వండర్ దట్ హి పాస్డ్’ అంటే వాడు పాసయ్యాడు, అది తెలిసిందే, వాడికి ఎట్లా సాధ్యమైందా అన్నదే వింత. మొదటిది వెనక అబ్బా, రెండోది ముందు అబ్బా. ఈ రెండోది పాతబడిన వాడుక, మీరు రాయనక్కర్లేదు, చదివినప్పుడు గుర్తుపడితే చాలు. వాక్యం కాకుండా పేరు గానీ పని గానీ వస్తే ‘అబౌట్’: ‘ఐయామ్ వండరింగ్ అబౌట్ చేంజింగ్ మై కాలేజ్’, మారదామా వద్దా అని ఊగులాడుతున్నాను అని. ‘మేక్’ తర్వాత వచ్చినప్పుడు ‘టు’ పెట్టకండి. ‘ఇట్ మేక్స్ మీ వండర్’ అనే మాటలో సాధారణంగా అనుమానం నక్కి ఉంటుంది, ఏదో మతలబు ఉందే అన్నట్టు.

ఇక మెయిల్ సంగతి. మనం పెద్దవాళ్ళ దగ్గరికి పనిబడి వెళ్తే ‘ఫైలివ్వండి’ అనం. ‘ఏం లేదు సార్, ఆ ఫైలు ఏమన్నా దొరుకుతుందేమో అడుగుదామని వచ్చినా’ అంటాం. వచ్చిన పని ఇంకా అవ్వలేదు, మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు, అయినా మాట గతంలో వేస్తాం. గతంలో వేస్తే ఒత్తిడి తగ్గుతుంది, అవతలివాళ్ళకు కాదనడానికి చోటుంటుంది. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్’ సరిగ్గా అదే మర్యాద. వాజ్ అంటే నిన్న అనుకున్నాడని కాదు. మెత్తదనం మెట్లు మెట్లుగా ఉంటుంది: ‘కెన్ యూ సెండ్’ మామూలు, ‘కుడ్ యూ సెండ్’ మర్యాద, ‘ఐ వండర్ ఇఫ్ యూ కుడ్ సెండ్’ ఇంకొంచెం, ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ సెండ్’ అన్నిటికన్నా మెత్తన.

దీనికి జవాబిచ్చేటప్పుడు వండర్ అనే మాటను వదిలేసి లోపలున్న కోరికకు జవాబివ్వాలి. మీ అన్న రాయాల్సింది ‘ష్యూర్, ఐ విల్ సెండ్ ఇట్ బై ఫోర్’ అని. తిరుపతిలో లాడ్జి కౌంటర్ మీద కూర్చునేవాళ్ళకు ఇది రోజూ పనికొచ్చే సంగతి. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ దేర్ ఈజ్ ఎ లేట్ బస్ టు శ్రీకాళహస్తి’ అని యాత్రికుడు అంటే ఆయన తన మనసులో మాట పంచుకోవడం లేదు, బస్సు టైము అడుగుతున్నాడు. ‘ఓకే సార్’ అని నవ్వి ఊరుకుంటే ఆయన అక్కడే నిలబడి ఉంటాడు.

అన్నిచోట్లా ఇంత మెత్తదనం పనికిరాదు. సెలవు కోసం మేనేజరుకు మెయిల్‌లో ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ టేక్ ఫ్రైడే ఆఫ్’ బాగుంటుంది, కాలేజీ ప్రిన్సిపాలుకు రాసే అర్జీలో బాగుండదు. అక్కడ ‘ఐ రిక్వెస్ట్ యూ’ అనే పాత దారే మేలు. అంబులెన్సు పిలవాల్సిన చోట ‘ఐ వాజ్ వండరింగ్’ అని మొదలుపెట్టేవాణ్ణి ఏమనాలో మీకే తెలుసు. ఇంకొకటి, ‘ఐ వండర్ వై’ అని రెండే ముక్కలు గొంతు దించి అంటే అది వెటకారం. రాత్రంతా ఫోను చూసి పొద్దున తలనొప్పి అంటున్నవాడితో ‘ఎందుకొచ్చిందో మరి, పాపం!’ అన్నట్టు.

నామవాచకంగా వండర్ ఇంకా పాత అర్థంతోనే, అంటే అద్భుతంగానే బతుకుతోంది. ఎక్కువ వినిపించేది ‘నో వండర్’. దీన్ని ‘ఆశ్చర్యం లేదు’ అని తెలుగు చేస్తే చప్పగా ఉంటుంది. ‘అదీ సంగతి’, ‘అందుకేనా!’, ‘ఉండదా మరి’ దగ్గరగా వస్తాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చినవాడు కాళ్ళు లాగుతున్నాయంటే ‘నో వండర్ యువర్ లెగ్స్ హర్ట్’, అంటే ‘నొప్పులుండవా మరి’. కారణం అప్పటికే ఇద్దరికీ తెలిసి ఉంటేనే ఇది అనాలి.

వర్ణించడానికి వండర్, సర్‌ప్రైజ్ ఈ రెండే పట్టుకుని వేలాడకండి. తెలుగులో ఎన్ని ఛాయలున్నాయో అక్కడా అన్ని ఉన్నాయి. అవాక్కవడం అంటే వాక్కు పోవడం, డంఫౌండెడ్‌లో ఉన్న డం కూడా మూగే, రెండూ అచ్చంగా సరిపోతాయి. నోరెళ్ళబెట్టి చూడడం గేప్. ఉలిక్కిపడడం బి స్టార్టిల్డ్, అందులో ఒళ్ళు అదరాలి, మనసు ఒక్కటే అదిరితే చాలదు. ఖంగుతినడం బి టేకెన్ అబ్యాక్. ముక్కున వేలేసుకోవడానికి మాత్రం ఒక్క ముక్కలో జోడు దొరకదు. అందులో వింతతో పాటు ‘హవ్వ’ అనే ఈసడింపు కూడా ఉంది, షాక్డ్ అండ్ స్కాండలైజ్డ్ అని రెండు మాటలు కలిపితే గానీ తూగదు.

చివరగా ఉచ్చారణ, ఎందుకంటే దీనివల్ల స్పెల్లింగు కూడా పోతోంది. వండర్‌లో డబ్ల్యూ పక్కన ‘ఓ’ అనే అక్షరం రాసి ‘వ’ పలుకుతాం. తిరుగాడు అనే అర్థమున్న వాండర్‌లో ‘ఏ’ అనే అక్షరం రాసి ‘వా’కూ ‘వొ’కూ మధ్యగా పలుకుతాం. రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి, అదీ అడ్డదిడ్డంగా. మొదటిదాని మూలంలో ఉన్నది యూ అక్షరమే. చేతిరాత కాలంలో డబ్ల్యూ, ఎన్, ఎమ్ పక్కన యూ వస్తే అన్నీ నిలువు గీతలే అయి చదవడం కష్టమయ్యేది, అందుకని లేఖకులు దాన్ని ఓగా మార్చారని చెబుతారు. కొడుకు అనే అర్థమున్న సన్, మంక్, లవ్ అనే మాటల్లో ఓ ఉండడం కూడా అట్లాంటిదే. రెండో మాటకు వాచ్, వాష్, వాంట్ గుర్తుపెట్టుకోండి, డబ్ల్యూ పక్కన ‘ఏ’ వస్తే చాలాచోట్ల ఆ ధ్వనే. రెండిటినీ ఒకేలా పలికేవాళ్ళు ఈ వాక్యాన్ని పైకి పది సార్లు చదవండి, ‘ఈ తాత ఎక్కడికి తిరుక్కుంటా పోయినాడబ్బా’ అనుకోవడానికి: ‘ఐ వండర్ వేర్ గ్రాండ్‌పా హాజ్ వాండర్డ్ ఆఫ్ టు’.